ఆ దీపం అమ్మ...

మా మామయ్య బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఒక్క వాక్యం పూర్తి చేసిన పాపాన పోలేదు. మాట మొదలుపెడతాడు, సగం దాకా చక్కగా నడిపిస్తాడు, సరిగ్గా క్రియ దగ్గరికి రాగానే దాన్ని గుటుక్కున మింగేస్తాడు. నేనేమో బళ్లో తెలుగు వ్యాకరణం చెప్పుకుని బతికేదాన్ని. మన భాషలో క్రియ వాక్యం చివర ఉంటుందనీ, అవునో కాదో తేలేది అక్కడేననీ పిల్లలకి చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నదాన్ని. అలాంటి నాకు దేవుడు ఏరి కోరి ఇలాంటి మామయ్యనిచ్చాడు. "నేను రేపు పెళ్లికి..." అంటాడు. వస్తాడా, రాడా? ఆ సంగతి ఆయనకీ ఆయన గొంతులోని క్రియకీ మాత్రమే తెలియాలి.

మామయ్య టైలరు. సందు మలుపులో చిన్న కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, పెదాల మధ్య వరసగా గుండుసూదులు. ఆ సూదుల వల్లే మాట పూర్తి కాదని వీధిలో ఒక వాదం ఉంది. నోరు పూర్తిగా తెరిస్తే సూది లోపలికి జారుతుందని భయమట. నేనా వాదం ఒప్పుకోను. అన్నం తినేటప్పుడు సూదులుండవు కదా? అప్పుడూ ఇదే వరస. "కూరలో ఉప్పు..." అని ఆగిపోతాడు.

"ఎక్కువైందా, తక్కువైందా? చెప్పి చావండి" అంటుంది అత్తయ్య.

"ఊఁ..."

ఆవిడే ఓ ముద్ద నోట్లో వేసుకుని, "అవునండోయ్, కాస్త ఎక్కువే పడింది" అని తనంతట తనే ఒప్పుకుంటుంది. నీళ్లు నమిలేవాళ్లని చాలామందిని చూశాను గానీ, క్రియలు నమిలే మనిషిని మా ఇంట్లోనే చూశాను.

చిత్రమేమిటంటే కొట్టుకొచ్చేవాళ్లకి ఈ జబ్బంటే మహా ఇష్టం. ఒకసారి నా ఎదురుగానే ఓ బ్యాంకు మేనేజరుగారు పాంటుకి కొలతలిచ్చారు. ఆయనకంటే ముందు ఆయన పొట్ట కొట్లోకి వచ్చింది. మామయ్య టేపు చుట్టి, చూసి, "సార్, మీ నడుము పోయినేటికంటే..." అన్నాడు.

"తగ్గింది కదూ!" అన్నారు మేనేజరుగారు. "నేను చెబితే మా ఆవిడ నమ్మదయ్యా. రోజూ నడుస్తున్నానిప్పుడు."

"ఊఁ..."

ఆయన ఈల వేసుకుంటూ వెళ్లిపోయారు. మామయ్య గుడ్డ మీద పెరిగిన కొలతే గీసి కత్తిరించాడు. పాంటు తొడుక్కుని చూసుకుని, "ఎంత హాయిగా ఉందో చూడు, పాతది బిగుతుగా ఉండేది. అంతా నడక మహిమ!" అని మేనేజరుగారు మురిసిపోయారు.

ఇంకోసారి ఒక కుర్రాడు వాళ్ల నాన్న కోటు తెచ్చి, తన ఒంటికి సరిచేసివ్వమన్నాడు. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తున్నాడట. మామయ్య కోటు సరిచేసి, తొడిగి, భుజాలు దులిపి, "ఈ కోటుతో నీకు ఉద్యోగం..." అన్నాడు. "వస్తుందంటారా బాబాయిగారూ!" అని వాడు ఛాతీ విరుచుకుని వెళ్లాడు. ఆ ఉద్యోగం రాలేదు, ఆ తరవాతదీ రాలేదు, ఇంకోటెక్కడో వచ్చింది. "టైలరు బాబాయి ముందే చెప్పాడు" అని వాడు అందరికీ చెప్పుకున్నాడు. మామయ్య చెప్పిందేముంది, నా మొహం!

చుట్టాలకి మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. ఓ శనివారం మా ఇంటికి ఫోన్ చేసి, "రేపు మధ్యాహ్నం భోజనానికి మేమంతా మీ..." అని పెట్టేశాడు. 'మీ ఇంటికొస్తున్నాం' అని మా అమ్మ తనే పూర్తి చేసుకుని, వండి వార్చి కూర్చుంది. ఆయన చెప్పబోయింది 'మీ కోసం ఎదురుచూస్తాం' అని. అక్కడ అత్తయ్యా వండి కూర్చుంది. రెండు కుటుంబాలూ రెండు గుమ్మాల్లో నిలబడి, కడుపులు మాడ్చుకుని, అవతలివాళ్లకి మర్యాద తెలీదని తిట్టుకున్నాం. సాయంత్రానికి వాళ్ల గిన్నెలూ మా గిన్నెలూ దారి మధ్యలో ఎదురుపడ్డాయి.

అన్నిటికంటే అన్యాయం జరిగింది అత్తయ్యకి. సంబంధం మాట్లాడేరోజున పెద్దవాళ్లు "అమ్మాయి నచ్చిందా బాబూ?" అనడిగితే, మామయ్య "నాకు అమ్మాయి..." అని తల దించుకున్నాడట. ఇరువైపుల పెద్దలూ 'నచ్చింది' అని తామే కలిపేసుకుని ముహూర్తం పెట్టేశారు. "ముప్ఫయ్యేళ్లు కాపరం చేశాను. నచ్చానో లేదో ఈ మనిషి నోటితో ఇంతవరకూ వినలేదమ్మా. ఏ పొద్దున లేచి 'నచ్చలేదు' అని పూర్తి చేస్తాడోనని ఇప్పటికీ బెంగే" అని అత్తయ్య నాతో చెప్పి నవ్వేది. ఆ నవ్వులో ఓ పిసరు నిజం ఉందని నా అనుమానం.

ఇక దీపం సంగతికొస్తాను.

కొట్లో కిటికీ పక్కన చెక్క అర మీద ఒక పాతకాలం నూనె దీపం ఉండేది. ఇత్తడి ఒళ్లు, నెత్తిన పాలరంగు గాజు గొడుగు. వీధిలోకి ఇంకా కరెంటు రాని రోజుల్లో మా అమ్మమ్మ మామగారు ఆ దీపం వెలుగులోనే బట్టలు కుట్టి కొట్టు నిలబెట్టాడు. చివరి రోజుల్లో కొడుకులందర్నీ కాదని దాన్ని కోడలి చేతిలో పెట్టాడు. ఆ కోడలే మా అమ్మమ్మ, అంటే మామయ్య కన్నతల్లి. అందుకని ఆవిడకి అది దీపం కాదు, బిరుదు. కాకపోతే బిరుదు కాస్త దెబ్బతింది. ఒత్తిని పైకీ కిందకీ తిప్పే మర ఎప్పుడో ఊడిపోతే, మామయ్య దాని స్థానంలో ఓ కోటు గుండీ బిగించాడు. గాజు గొడుగుకేమో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పగులు.

ఆ పగులు మామయ్య నెత్తిన పడింది. అత్తయ్య కాపరానికొచ్చిన కొత్తల్లో ఓ పొద్దున్నే అమ్మమ్మ దాన్ని చూసి, "ఎవర్రా ఈ పని చేసింది?" అని ఇల్లెగిరిపోయేలా కేక పెట్టింది. మామయ్య "నేను..." అన్నాడు.

ఇంకేముంది! "నువ్వా? జారవిడిచావా? నీ చేతులు సూదికి తప్ప ఇంకెందుకు పనికొస్తాయిరా అప్రాచ్యుడా!" అని మొదలుపెట్టిన అక్షింతలు ఇన్నేళ్లుగా ఆగలేదు. మామయ్య మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే, "జాగ్రత్త, అది కూడా దీపమనుకునేవు" అనేది అమ్మమ్మ. అత్తయ్య మాత్రం తక్కువ తిందా? "మీ అబ్బాయి మొదలుపెట్టి పూర్తిచేసిన పని ఆ గాజు పగలగొట్టడమొక్కటే అత్తయ్యా" అనేది. ఉప్పు దగ్గర్నుంచీ చీపురు దాకా ఏ విషయంలోనూ పొసగని అత్తాకోడళ్లు ఆ ఒక్క విషయంలో ఒకే మాట మీద ఉండేవాళ్లు. మామయ్య సూదులు సర్దుకుని, కిమ్మనకుండా కత్తెర ఆడించుకునేవాడు.

ఇలా సాగిపోతుండగా అత్తయ్య మోకాళ్లు మొరాయించాయి. మామయ్య కత్తిరిస్తాడు, కుట్టేది అత్తయ్య. అదీ కాళ్లతో తొక్కే పాత మిషను మీద. ఇక తొక్కొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. కరెంటు మిషను కొంటే హాయిగా కూర్చుని కుట్టుకోవచ్చు గానీ, కొనే స్తోమతేదీ? బడి యూనిఫారాల గుడ్డ తానులు తానులుగా వచ్చిపడి ఉంది. అవి వేళకి ఇవ్వకపోతే ఆ పని మెయిన్ రోడ్డు మీది రెడీమేడ్ దుకాణానికి పోతుంది. అది పోతే కొట్టుకి మిగిలేది తెగిన గుండీలు కుట్టడమే. అత్తయ్య మోకాళ్లకి తైలం రాసుకుని, పళ్లు బిగబట్టి రోజూ తొక్కుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడు దిగాడు పాత సామాన్ల వ్యాపారి. చొక్కా చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చినవాడు దీపాన్ని చూసి చొక్కా సంగతే మర్చిపోయాడు.

"టైలరుగారూ, ఈ దీపం అమ్ముతారా? మంచి ధర ఇస్తాను. లోపల ఆ పాత మిషను తొక్కుతున్నారే, దాని బదులు కొత్త కరెంటు మిషనే కొనుక్కోవచ్చు."

లోపల మిషను చప్పుడు టక్కున ఆగింది. పక్కగదిలో అమ్మమ్మ చెవులు రిక్కించింది. మామయ్య దీపాన్ని చూశాడు, లోపలికి చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఆ దీపం అమ్మ..." అన్నాడు.

ఇక్కడ కాస్త వ్యాకరణం తప్పదు, ఓపిక పట్టండి. తెలుగులో 'అమ్మ' దగ్గర మాట ఆపేయడమంత ఘోరం ఇంకోటి లేదు. అత్తయ్య దాన్ని 'అమ్మాలి' అని విని, తైలం సీసా అవతల పెట్టి, కొత్త మిషను ఏ మూల పడుతుందా అని చూసుకుంది. అమ్మమ్మ 'అమ్మను' అని విని, నా కొడుకు బంగారం అనుకుంది. కాసేపాగాక అది 'అమ్మది' కూడా అయివుండొచ్చని తోచి ఇంకాస్త పొంగిపోయింది. వ్యాపారి 'అమ్మచ్చు' అని విని, గడ్డి పరిచిన పెట్టెతో ఆదివారం వస్తానని వెళ్లాడు.

ఆ వారమంతా ఆ ఇల్లు స్వర్గం. అత్తాకోడళ్లు ఒకరికొకరు టీలు కలిపిచ్చుకున్నారు. "పాపం, పెద్దావిడ. ఆ దీపం పోతే బెంగపెట్టుకుంటుంది" అని అత్తయ్యకి జాలి. "పాపం, పిచ్చిది. మిషను మీద ఆశ పెట్టుకుంది" అని అమ్మమ్మకి జాలి. ఎవరికి వాళ్లు తామే గెలిచామనుకుంటే ఎదుటివాళ్ల మీద ఎంత ప్రేమ పుట్టుకొస్తుందో అప్పుడే చూశాను. మామయ్య ఆ మధ్యలో టీలు తాగుతూ కూర్చున్నాడు.

ఆదివారం పెట్టె వచ్చింది. స్వర్గం కూలింది. అమ్మమ్మ నాకు ఫోన్ చేసి, "నువ్వు తెలుగు టీచరువి కదే! నీ మామయ్య ఏమన్నాడో వచ్చి తేల్చి చావు" అని అరిచింది. నేను పరుగున వెళ్లేసరికి అమ్మమ్మ దీపాన్ని ఒళ్లో పెట్టుకుని బల్ల పక్కన బాసింపట్టు వేసుక్కూర్చుంది.

"ఆయన అమ్మాలన్నారు. నా రెండు చెవులతో విన్నాను" అంది అత్తయ్య.

"వాడు అమ్మనన్నాడు. కన్నదాన్ని, వాడి మాట నాకు తెలీదూ?" అంది అమ్మమ్మ.

"అమ్మచ్చన్నారండీ. లేకపోతే ఈ గడ్డి అంతా నా మేతకి తెచ్చుకున్నానా?" అన్నాడు వ్యాపారి.

నేను మామయ్య వైపు తిరిగాను. "మామయ్యా, అసలు నువ్వన్నదేమిటి?"

"నేనన్నదీ... ఆ దీపం అమ్మ..."

"అదే, ఆ తరవాత?"

"తరవాత... మీరందరూ..."

నేను నుదురు కొట్టుకున్నాను.

"మా మామగారు నా చేతిలో పెట్టిన దీపమిది. ఇది గడప దాటితే కొట్టు గడప దాటినట్టే" అంది అమ్మమ్మ.

"నేను నగలడిగానా అత్తయ్యా, చీరలడిగానా? ఆ కొట్టు నిలబడాలనే కదా అడుగుతున్నాను. ఇంకొక్క నెల తొక్కితే నేను మంచం మీంచి లేవను" అంది అత్తయ్య. అమ్మమ్మ మొహం తిప్పుకుని, దీపాన్ని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. నాకిద్దరి మీదా జాలేసింది. ఎటు తీర్పు చెప్పినా ఒకరి మనసు విరగడం ఖాయం.

వ్యాపారికి ఇవేమీ పట్టలేదు. సందు దొరికింది కదా అని ధర తగ్గించే పనిలో పడ్డాడు. "ఇంత గొడవ పడాల్సిన వస్తువు కాదమ్మా ఇది. ఎంత పగులుందో చూడండి."

"పగులుంటే ఏం? మావాడు చెయ్యి జారవిడిచాడు. చిన్న దెబ్బ" అంది అమ్మమ్మ. అమ్మడం ఇష్టం లేకపోయినా, ధర తగ్గిస్తే మాత్రం ఊరుకోదు.

వ్యాపారి నవ్వాడు. "జారవిడిస్తే దెబ్బ తగిలిన చోట పెచ్చు లేస్తుందమ్మా. దీనికి ఎక్కడా దెబ్బే లేదు. ఈ చివర నుంచి ఆ చివరికి ఎలా వంకరటింకరగా పాకిందో చూడండి. కాలే గాజు మీద చల్లని తడిగుడ్డ పెడితే వచ్చే పగులిది. ఇలాంటివి రోజూ చూస్తాను. ఎవరో మహాతల్లి దీపం ఆర్పీ ఆర్పకముందే తడిగుడ్డతో తుడిచేసింది."

అత్తయ్య మెడ చాచి ఆ పగులు వంక చూసింది.

"నేను..." అంది అత్తయ్య. ఆగిపోయింది.

"నువ్వు కాపరానికొచ్చిన వారం కరెంటు పోయిందే, ఆ రాత్రి దీపం తుడిచింది..." అంది అమ్మమ్మ. ఆవిడా ఆగిపోయింది.

"ఆర్పగానే తుడవాలి, మసి పట్టనివ్వకూడదు అన్నది మీరే కదా అత్తయ్యా!"

"తుడవమన్నాను గానీ, తడిగుడ్డతో..."

ఇద్దరూ నోళ్లు తెరుచుకుని ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఆ కొట్లో మామయ్య కాకుండా ఇంకొకరు వాక్యాలు మధ్యలో వదిలేయడం అదే మొదటిసారి. అందరం మామయ్య వంక చూశాం. ఆయన కత్తెర పదును చూసుకుంటున్నాడు.

"ఒరేయ్, నీకిది తెలుసా?" అంది అమ్మమ్మ.

"నేనప్పుడు గుమ్మంలో... టిక్కుమని చిన్న చప్పుడు... తనకి వినపడలేదు, ఏదో పాట పాడుకుంటూ..."

"మరి నువ్వే పగలగొట్టానని నాతో ఎందుకు చెప్పావురా?"

మామయ్య నొచ్చుకున్నట్టు చూశాడు. "నేనెక్కడ చెప్పానమ్మా? నేను 'నేను' అన్నాను. మిగతాదంతా నువ్వే..."

నిజమే! వ్యాకరణం సాక్షిగా ఆ మనిషి అబద్ధమాడలేదు. కర్త ఒక్కటే ఆయనది, క్రియ అమ్మమ్మది.

ఆ రోజుల్లో అమ్మమ్మ నోరంటే వీధి వీధంతా హడల్. వచ్చి వారం కాని కొత్త కోడలి మీద ఆ నోరు పడి ఉంటే, అత్తయ్య పెట్టె సర్దుకుని పుట్టింటి దారి పట్టేది. నాకు మేనేజరుగారి నడుమూ ఆ కుర్రాడి కోటూ గుర్తొచ్చాయి. ఇన్నాళ్లూ ఈయనకి మాట రాదనుకున్నాం. ఎదుటివాళ్లు తమకి కావలసిన క్రియ పెట్టుకుంటారని ఆ చివర ఖాళీ వదిలేవాడని, ఆ ఖాళీలో తిట్టొచ్చి పడితే కిమ్మనకుండా తనే తినేవాడని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ క్షణంలో ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను.

అమ్మమ్మ దీపాన్ని ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టింది. "పట్టుకుపోవయ్యా."

"వద్దు!" అంటూ అత్తయ్య లేవబోయింది. మోకాలు కలుక్కుమంది. "అబ్బా!" అని మళ్లీ కూలబడింది. "వద్దత్తయ్యా. పగలగొట్టిందీ నేనే, అమ్మించిందీ నేనేనా? నా మోకాళ్లు బాగానే ఉన్నాయి."

"ఎంత బాగున్నాయో ఇప్పుడే వీధి చివరిదాకా వినపడింది, ఊరుకో. మా మామగారు ఇది నా చేతిలో ఎందుకు పెట్టారు? కొట్టు నిలబెడతాననే కదా. నిలబెడుతున్నది నువ్వు. పైగా ఇప్పుడు దీన్ని చూసినప్పుడల్లా నాకు నా నోరే గుర్తొస్తుంది."

"నేను అమ్మనివ్వను."

"నేను అమ్మి తీరతాను."

వ్యాపారి నెత్తి పట్టుకున్నాడు. "ఇందాక అమ్మాలన్నావిడ వద్దంటుంది, వద్దన్నావిడ అమ్ముతానంటుంది! అయ్యా టైలరుగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట పూర్తిచెయ్యండి!"

మామయ్య పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చాడు. అందరం ముందుకి వంగాం.

"ఆ దీపం..." అన్నాడు. "అమ్మ..."

"అవున్రా నాన్నా" అంది అమ్మమ్మ. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "అమ్మదే. అమ్మే అమ్ముతోంది."

అమ్మడం మాత్రం ఊరికే అమ్మిందా? పగులుంది కదా అని వ్యాపారి మళ్లీ ధర తగ్గించబోతే, "ఉత్త పగులైతే నీ ఇష్టం. ఇందులో మావాడు ముప్ఫయ్యేళ్లు తిన్న తిట్లున్నాయి. వాటికి వేరే కట్టివ్వు" అని అతని చేత చెమటలు కక్కించింది. తీరా పెట్టెలో సర్దేముందు ఆ కోటు గుండీ ఊడదీయించి కొంగున ముడేసుకుంది. "ఇది దీపంతో రాలేదు, మావాడు పెట్టింది" అంది.

కరెంటు మిషను వచ్చింది. యూనిఫారాలు వేళకి వెళ్లాయి. అమ్మమ్మకొచ్చిన చిక్కల్లా కొడుకుని తిట్టడానికి సందు లేకపోవడమే. మామయ్య గ్లాసు పట్టుకోగానే అలవాటుగా "జాగ్రత్త, అది కూడా..." అని మొదలుపెట్టి, నాలిక్కరుచుకుని ఆగిపోతుంది. ఇప్పుడా ఇంట్లో అందరివీ సగం వాక్యాలే. నాలాంటి వ్యాకరణం టీచరు అక్కడ గంటసేపు కూర్చుంటే పిచ్చెక్కి బయటపడాల్సిందే.

మొన్న ఓ చొక్కా ఇవ్వడానికి వెళ్లాను. అత్తయ్య మిషను ఆపి, నేనున్నానని కూడా చూడకుండా అడిగేసింది. "ఏమండీ, ఇన్నాళ్లూ మీ అమ్మ తిడుతుంటే నేనూ వంత పాడాను కదా. పగలగొట్టింది నువ్వేనే అని నాతో ఒక్కసారైనా అనాలనిపించలేదా? ఎందుకు చెప్పలేదు?"

మామయ్య సుద్దముక్క కింద పెట్టాడు. పెదాల మధ్య సూదులు తీశాడు.

"నాకు అమ్మాయి నచ్చింది" అన్నాడు.

ఇంకేమైనా వస్తుందేమోనని నేను కాసేపు చూశాను. రాలేదు. వాక్యం పూర్తయిపోయింది, క్రియతో సహా.

అత్తయ్య మొహం ఎర్రబడింది. "నాకూ..." అంది. మిగతాది గుటుక్కున మింగేసి, తల వంచుకుని మిషను స్విచ్చి నొక్కింది. మిషను గడగడా కుట్టుకుంటూ పోయింది. దాని కింద గుడ్డ లేదు.